ఒకే మట్టు, పది గొంతులు

కెనడాలోని గ్వెల్ఫ్‌లో నేను పనిచేసే ప్లాంట్‌లో కారు తలుపులకు రేకులు కొడతారు. పెద్ద ప్రెస్ కిందికి దిగినప్పుడల్లా కాళ్ళ కింద కాంక్రీటు అదురుతుంది. కొత్తగా చేరినవాళ్ళు మొదట్లో ఇంట్లో తలుపు వేసిన చప్పుడుకి కూడా ఉలిక్కిపడతారు. నాకు ఆ మోత తొందరగానే అలవాటైపోయింది. అందులో తాళం వినపడేది. చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీలో బూటు మడమతో నేల మీద తడుతూ ఉండేవాణ్ణి. ఒకరోజు పక్కనే వెల్డింగ్ చేస్తున్న మనిషి హెల్మెట్ అద్దం పైకెత్తి నా బూటు వైపు చూశాడు.

"ఏం వాయిస్తావు నువ్వు?" అని అడిగాడు.

"బేస్ గిటార్. ఇదివరకు వాయించేవాణ్ణి."

"ఇదివరకు ఏంటి? కాలు ఇప్పుడు కూడా వాయిస్తోందిగా!"

ఆయన జమైకా నుంచి కుర్రతనంలో వచ్చినవాడు. నాకంటే బాగా పెద్ద. పొడగరి, మాట నెమ్మది. ప్లాంట్‌లో అందరూ ఇంటిపేరుతో పిలిచేవాళ్ళు, నేను మాత్రం అన్నా అనేవాణ్ణి. ఆ మాటకి అర్థం అడిగి తెలుసుకుని, చిన్నవాణ్ణి ఏమనాలో కూడా నేర్చుకున్నాడు. "తమ్ముడూ" అన్నది ఆయన నోట్లో "టంబుడూ" అయ్యేది. మా మాటలన్నీ ఇంగ్లిష్‌లోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

మాది తెనాలి దగ్గర ఊరు. చర్చిలో పాటల మధ్య పెరిగాను. కన్వెన్షన్ మీటింగుల్లో స్టేజీ మీద ఒక మూల నిలబడి బేస్ వాయించేవాణ్ణి. కెనడా వచ్చాక ఉద్యోగం, షిఫ్టులు, పాప పుట్టడం, ఇల్లు కొనడం, వీటితోనే సరిపోయింది. గిటారు బేస్‌మెంట్‌లో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ పక్కన గోడకి ఆనుకుని ఉండేది. అన్న అడిగిన వారమే దాని దుమ్ము దులిపి, కొత్త తీగలు వేయించి ఆయన ఇంటికి తీసుకెళ్ళాను.

ఆయన గరాజ్‌లో కారు లేదు. గోడల నిండా పాత కార్పెట్లు మేకులతో కొట్టి ఉన్నాయి. ఒక మూల కంప్యూటరు, మిక్సింగ్ బోర్డు. ఇంకో మూల బొంతలు వేలాడదీసి చిన్న గదిలా చేశాడు. పాడేవాళ్ళు అందులో నిలబడాలి. తను ఏం చెయ్యబోతున్నాడో నాకు వివరంగా చెప్పాడు.

"మా దగ్గర ఇది పాత పద్ధతి. ముందు డ్రమ్సూ బేసూ కీబోర్డూ కలిపి ఒక్క వాయిద్యం తయారుచేస్తాం. దాన్ని రిడిమ్ అంటాం. అదే రిడిమ్ పదిమందికి ఇస్తాం. ఒకడు దాని మీద ప్రేమపాట పాడతాడు. ఒకడు దేవుణ్ణి పాడతాడు. ఇంకొకడు వాళ్ళ ఓనర్ని తిడతాడు. పదిపాటలూ కలిపి ఒక్క ఆల్బమ్. వాయిద్యం మారదు, మనుషులు మారతారు."

"ఇది మాకూ ఉంది," అన్నాను. నిజంగానే ఒళ్ళు పులకరించింది. మా కీర్తనల పుస్తకంలో పాట పైన 'మట్టు' అని వేసి, పక్కన ఇంకో పాట మొదటి మాటలు ఉండేవి. అంటే ఆ పాట బాణీలో ఈ మాటలు పాడుకోండి అని. ఒకే బాణీలో పెళ్ళిపాట ఉండేది, చావుపాట ఉండేది. చిన్నప్పుడు సమాధుల తోటలో ఏడుస్తూ పాడిన బాణీనే మర్నాడు పెళ్ళిలో నవ్వుతూ పాడాం. అన్నకి ఇదంతా చెబితే, "మట్టు, మట్టు," అని రెండుసార్లు అనుకుని కంప్యూటర్లో ఆ ఫైలుకి అదే పేరు పెట్టేశాడు.

బేస్ మాత్రం ఆయనకి ఒక పట్టాన నచ్చలేదు. కన్వెన్షన్ అలవాటు కొద్దీ నేను ప్రతి ఖాళీలోనూ ఏదో ఒక స్వరం దూర్చేవాణ్ణి.

"టంబుడూ, వాగుతున్నావు," అనేవాడు. "ఒక మాట అను. ఊరుకో. వాళ్ళని ఎదురు చూడనీ. తర్వాత ఇంకో మాట అను."

వసంతమంతా ఊరుకోవడం నేర్చుకున్నాను. జూన్‌లో ఒక శనివారం మధ్యాహ్నం అది కుదిరింది. మొదటి నుంచి చివరిదాకా ఒకే పట్టున వాయించాను. ఆఖరి స్వరం ఆగాక అన్న కుర్చీలోంచి లేచి నా ఎడమ చెయ్యి పట్టుకుని వేళ్ళకి ముద్దు పెట్టాడు. సిగ్గేసింది. "పద, ఏదైనా తిందాం," అని వ్యాన్ తాళాలు తీశాడు.

దగ్గర్లోని ప్లాజాలో జమైకన్ వంటలు కట్టిచ్చే ఒక టేక్‌అవుట్ హోటల్ ఉంది. అన్న వ్యాన్ పార్క్ చేసి దిగుతుంటే వెనకాలే ఒక పికప్ ట్రక్ వచ్చి ఆగి హారన్ కొట్టింది. ఆ ఖాళీ తనదని దాని డ్రైవర్ అరిచాడు. ముప్ఫై దాటిన తెల్ల మనిషి, ఎండకి మెడ కందిపోయి ఉంది. పక్కసీట్లో ఇంకొకడున్నాడు.

"ఖాళీగా ఉంటే పెట్టాను సర్. అటుపక్క ఇంకా చాలా ఉన్నాయి," అన్నాడు అన్న.

అతను దిగాడు. అన్నని ఆ మాట అన్నాడు. నల్లవాళ్ళని అనే ఆ మాట నేనిక్కడ రాయను. నన్ను పాకీ అన్నాడు, పాకిస్తాన్ పేరు మీద మనలాంటి వాళ్ళందరినీ ఇక్కడ తిట్టే మాట. మీరొచ్చాకే ఈ ఊళ్ళో మాకు నిలబడ్డానికి చోటు లేకుండా పోయిందన్నాడు. అన్న చేతులు రెండూ పైకి చూపించి, "సరే, తీసేస్తాను. గొడవొద్దు," అని వ్యాన్ తలుపు తీశాడు. అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను.

అతను ట్రక్ వెనక్కి చెయ్యి పెట్టి, చక్రాల నట్లు విప్పే ఇనపరాడ్డు తీశాడు. అన్న వ్యాన్ ఎక్కబోతూ ఇటు వీపు పెట్టి ఉన్నాడు. నేను అరిచాను. అరుపు విని అన్న తల తిప్పాడు, రాడ్డు వచ్చి దవడకి తగిలింది. తడిగుడ్డ బండకేసి కొట్టినట్టు చప్పుడు, దాని వెనకే ఎండుకొమ్మ విరిగిన చప్పుడు. అన్న అరవలేదు. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నోట్లోంచి రక్తం, పళ్ళు, ఉమ్మి కలిసి చొక్కా మీద కారాయి.

రాడ్డు మళ్ళీ లేచింది. ఈసారి నడినెత్తి మీదికి. నాకు ధైర్యం ఉందని కాదు, ఆలోచించే తీరికే లేదు. చెయ్యి దానంతటదే వెళ్ళింది. నా ఎడమ అరచెయ్యి అన్న తల మీదుగా వెళ్ళి వ్యాన్ తలుపు చట్రానికి ఆనింది. రాడ్డు దాని మీద పడింది. ఇనుముకీ ఇనుముకీ మధ్య నా వేళ్ళు నలిగాయి. నొప్పి వెంటనే రాలేదు. ముందు చూపుడువేలు వెనక్కి వంగి ఉండటం కనపడింది. వేళ్ళు అటు వంగవు కదా అనుకున్నాను. అప్పుడు వచ్చింది నొప్పి. ప్రెస్ కింద పడ్డట్టు అనిపించింది. మోకాళ్ళ మీద పడి వాంతి చేసుకున్నాను.

అతను నా పక్కటెముకల్లో తన్నాడు. రెండోవాడు ట్రక్ దిగకుండానే "చాలు, చాలు, వచ్చెయ్ రా!" అని అరుస్తున్నాడు. అంతలో టేక్‌అవుట్‌లోంచి వంట చేసే ఆవిడ ఏప్రాన్‌తోనే పరిగెత్తుకొచ్చింది. చేతిలో నేల తుడిచే కర్ర. దాంతో అతని వీపు మీద రెండు వాయించి, ట్రక్ హెడ్‌లైట్ పగలగొట్టి, వాళ్ళు వెనక్కి తీసుకుని పారిపోతుంటే కర్ర అద్దం మీదికి విసిరింది. తర్వాత ఏప్రాన్ విప్పి అన్న దవడ కింద పెట్టి పట్టుకుని, అంబులెన్స్ వచ్చేదాకా ఆయన్ని తిడుతూనే ఉంది. "కళ్ళు మూశావంటే నేనే చంపేస్తాను," అని.

అన్న దవడ రెండుచోట్ల విరిగింది. పైదవడనీ కింది దవడనీ తీగలతో కలిపి బిగించేశారు. ఆగస్టు దాకా ఆయన మాట్లాడలేదు. స్ట్రాతో సూప్ తాగి బతికాడు. ఎడమ చెవిలో ఎప్పుడూ ఒక ఈల మోగుతూ ఉండేదట. నా చేతిలో ప్లేట్లు, స్క్రూలు, పిన్నులు వేశారు. సర్జన్ ఎక్స్‌రే ఫిల్మ్ చూపించి, "ఎక్సర్‌సైజులు మానకుండా చేస్తే ఒక ఏడాదికి చాలావరకు తిరిగొస్తుంది," అంది. గిటారు వాయించగలనా అని అడిగితే, "ఎందుకు వాయించలేరు? టైమ్ పడుతుంది, అంతే," అంది. ఆ మాట పట్టుకుని వేలాడాను.

ప్లాజా కెమెరాలో అంతా పడింది కాబట్టి పోలీసులు అతన్ని రెండోరోజే పట్టుకున్నారు. కోర్టు బెయిల్ మీద వదిలింది. మా జోలికి రాకూడదని షరతు పెట్టారట. కేసు తేలడానికి చాలా నెలలు పడుతుందని చెప్పారు. ప్లాంట్‌లో ఎవరో అతని ఊరు తెలుసన్నారు. గ్వెల్ఫ్ నుంచి అరగంట దూరం.

ఆ ఎండాకాలం మా ఇంట్లో నేను ఎలా ఉన్నానో మా ఆవిడే చెప్పాలి. పనికి సెలవు. పొద్దుటి నుంచి సోఫాలో కూర్చుని రాడ్డు లేవడం, పడటం చూస్తుండేవాణ్ణి. ఒక్కోసారి రాడ్డు నా చేతిలో ఉండేది. ఎక్కడ కొట్టాలో, ఎన్నిసార్లు కొట్టాలో, అతను ఎలా ఏడవాలో అన్నీ ఊహించుకునేవాణ్ణి. ఆ ఊహలో ఉన్నంతసేపూ చెయ్యి నొప్పి తెలిసేది కాదు. కూరలో ఉప్పు ఎక్కువైందని ఒక మధ్యాహ్నం కంచం గోడకేసి కొట్టాను. మూత రాలేదని మందుసీసాని కాలితో తొక్కాను. పాప గది తలుపుకి ఇప్పటికీ నా బూటు చేసిన కన్నం ఉంది. పాపకి పద్నాలుగేళ్ళు. మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, "డాడ్, స్టాప్. యూ ఆర్ స్కేరింగ్ మీ," అంది.

మా ఆవిడ ఓల్డేజ్ హోమ్‌లో పనిచేస్తుంది. డ్యూటీ నుంచి వచ్చి, కన్నం పడిన తలుపు చూసి, చెప్పులు కూడా విప్పకుండా నా ఎదురుగా నిలబడింది.

"మీ చెయ్యి వాడు విరగ్గొట్టాడు. ఈ ఇల్లు మీరు విరగ్గొడుతున్నారు. వాడికీ మీకూ తేడా ఏంటో నాకు చెప్పండి."

తన చెంప పగలగొట్టాలనిపించింది. ఆ అనిపించడానికే భయం వేసి, పెరట్లోకి వెళ్ళి చెక్కకంచెని తన్నాను.

చర్చి వాళ్ళు ప్రార్థనకి వచ్చారు. అందులో పెద్దాయన, మేమంతా అంకుల్ అంటాం, నా భుజం మీద చెయ్యి వేసి, "క్షమించేయండి బ్రదర్. తీర్పు ఆయన చేతిలో ఉంది. మీరు క్షమిస్తేనే మీకు రిలీఫ్," అన్నారు.

"అంకుల్, ముందు మీ చెయ్యి తలుపు సందులో పెట్టండి. నేను మూస్తాను. తర్వాత మీరు నన్ను క్షమిద్దురుగాని."

ఆంటీ ఒకావిడ "స్తోత్రం" అని గొణిగింది. టీ తాగకుండానే వెళ్ళిపోయారు.

సెప్టెంబరులో అన్న పిలిచాడు. తీగలు విప్పేశారు. ముఖం ఒకపక్కకి లాగేసినట్టుంది, మాట నాలుక కింద ఏదో పెట్టుకున్నట్టు వస్తోంది. "పాడేవాళ్ళు వస్తున్నారు. నువ్వుండాలి," అన్నాడు.

గరాజ్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ బేస్ విన్నాను. నా వేళ్ళే. తీగ మీద ఒక వేలు జారి ఇంకో వేలు ఆనే చిన్న గీర కూడా వినపడుతోంది. కట్టులోపల ఎడమ చెయ్యి ఆ స్వరాల వెంట కదలబోయింది. పిన్నులు కండని పట్టి లాగాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, హెడ్‌ఫోన్స్ మాత్రం తియ్యలేదు.

పాడేవాళ్ళలో ఎక్కువమంది అన్న పాత స్నేహితులే. ఒకరిద్దరు మా ప్లాంట్ మనుషులు. పక్క ఊరు కిచెనర్ నుంచి ఒక బార్బర్ వచ్చాడు. ప్లాజాలో మమ్మల్ని కాపాడిన వంటావిడ కూడా వచ్చింది. చిన్నప్పటి నుంచి పాడేదట. అన్న అందర్నీ నిలబెట్టి, అందరూ ప్లాజా మీదే పాడాలన్నాడు. పదిపాటలూ ఆ దెబ్బ గురించే ఉండాలి. రాడ్డు గురించి, రక్తం గురించి, అతను ఎలా చావాలో దాని గురించి.

బార్బర్ ముందు పాడాడు. గొంతు బొంగురు, మాట కత్తిలా ఉంటుంది. ట్రక్ నడిపేవాడా, నిద్రపోకు, నీ వీధి నాకు తెలుసు, అని. నా బేస్ దాని కింద వేటకుక్కలా నడిచింది. వింటుంటే నాకు ఆకలేసింది. నెలల తర్వాత మొదటిసారి నిజమైన ఆకలి.

వంటావిడ వంతు వచ్చింది. బొంతల గదిలో నిలబడి, తను ఎక్కే బస్ నడిపే డ్రైవర్ మీద ప్రేమపాట మొదలుపెట్టింది. అతను స్టాప్ దగ్గర కావాలనే నెమ్మదిగా ఆపుతాడట, ఈవిడ కావాలనే నెమ్మదిగా ఎక్కుతుందట. గరాజ్‌లో అందరూ నవ్వారు. అన్న వాయిద్యం ఆపేశాడు.

"ఇది కాదు నేను చెప్పింది."

"నువ్వు చెప్పింది నేను చూశాను," అంది ఆవిడ. "నీ పళ్ళు నా ఏప్రాన్‌లో ఏరుకున్నాను. నేను ఆ రోజు గురించి పాడను. ఈ బస్సోడి గురించే పాడతాను."

అన్న మైక్ స్టాండ్ ఎత్తి విసిరాడు. ఆవిడ తల పక్కనుంచి వెళ్ళి గోడకి తగిలింది. కార్పెట్ చీలి మేకులు రాలాయి. బార్బర్ అన్న గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ మిక్సింగ్ బోర్డు మీద పడ్డారు. కుర్చీలు విరిగాయి. అన్న అప్పుడే అతుక్కున్న దవడని రెండు చేతులతో కాపాడుకుంటూనే కాళ్ళతో తంతున్నాడు. నలుగురు కలిసి విడదీశాం. స్పీకర్లలోంచి నా బేసూ డ్రమ్సూ మాత్రం ఏమీ పట్టనట్టు నడుస్తూనే ఉన్నాయి. కలబడటంలో ఎవరి మోచెయ్యో మీట మీద పడి ఉంటుంది.

వంటావిడ జుట్టు సర్దుకుని, మళ్ళీ బొంతల గదిలోకి వెళ్ళి పాట మొదటి నుంచి పాడింది. ఆగకుండా చివరిదాకా పాడి, బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. అన్న నేల మీద కూర్చుని ఉన్నాడు. రికార్డయిన ఆ పాటని చెరిపెయ్యలేదు.

జనవరిలో ఒక ఆదివారం, చర్చి అయ్యాక, అన్న మా ఇంటి ముందు వ్యాన్ ఆపి హారన్ కొట్టాడు. ఎక్కడికని అడగలేదు. హైవే ఎక్కగానే తెలిసిపోయింది. సీటు కింద వార్తాపత్రికలో చుట్టిన ఇనపగొట్టం ఉంది. నన్ను దించెయ్యమని నేను అనలేదు. నెలల తరబడి సోఫాలో కూర్చుని ఊహించుకున్నదాని దగ్గరికే వెళ్తున్నాను. గుండె హాయిగా కొట్టుకుంటోంది.

చిన్న ఊరు. మంచు మోకాలు లోతు పడి ఉంది. అతని ఇంటి ముందు అదే ట్రక్. హెడ్‌లైట్ కొత్తది వేయించాడు. అతను పారతో డ్రైవ్‌వే మీద మంచు తీస్తున్నాడు. మేము వీధి పక్కన ఆపాం. ముందు నేను దిగాను. అతను తలెత్తి, టోపీ వెనక్కి తోసుకుని, నన్ను చూసి, "బండి ఇరుక్కుందా? తొయ్యమంటారా?" అని అడిగాడు.

నన్ను గుర్తుపట్టలేదు. నా మెలకువ మొత్తం అతనితో నిండిపోయి ఉంది, అతనికి నా ముఖం కూడా గుర్తులేదు.

అన్న దిగాడు. అతని కళ్ళు అన్న వంకర దవడ మీద పడ్డాయి. అప్పుడు తెలిసింది అతనికి. అన్న ముందు ట్రక్ అద్దం కొట్టాడు. తర్వాత లైట్లు. తర్వాత తలుపు. అతను పార ఎత్తి అన్న భుజం మీద కొట్టాడు. అన్న గొట్టం తిప్పి అతని మెడ పక్కన ఎముక మీద వేశాడు. ఎముక విరగడం నాకు వినపడింది. అతను మంచులో వెనక్కి పడ్డాడు. పడేటప్పుడు పార అంచు నుదుటికి చీరుకుని రక్తం కారింది. ముంగిట్లోకి ఒక ముసలావిడ, అతని తల్లి అయ్యుంటుంది, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వచ్చి కేకలు పెడుతోంది.

అన్న అతని మీద కాళ్ళు రెండు పక్కలా వేసి నిలబడి, గొట్టం రెండు చేతులతో తల పైకి ఎత్తాడు. నేను పక్కనే ఉన్నాను. కొట్టు, కొట్టు, అని లోపల అరుస్తున్నాను. గొట్టం దిగింది. నా ఎడమ చెయ్యి అడ్డం వెళ్ళింది.

ఎందుకు వెళ్ళిందో చాలామంది అడిగారు. పోలీసులు, లాయరు, అంకుల్, మా ఆవిడ. అంకుల్ అయితే నేను క్షమించానని చర్చిలో సాక్ష్యం కూడా చెప్పబోయారు, ఆపాను. నేను క్షమించలేదు. తల మీద ఇనుము దిగుతుంటే చెయ్యి అడ్డం వెళ్ళింది. ఎవరి తల అని అది చూసుకోలేదు.

ప్లేట్లు వంగిపోయాయి. స్క్రూలు చర్మం చీల్చుకుని బయటికి వచ్చాయి. అన్న గొట్టం వదిలేసి, నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మంచులో కూర్చుండిపోయాడు. "టంబుడూ, టంబుడూ," అంటూ ఏడుస్తున్నాడు. మా పక్కనే అతను విరిగిన ఎముక పట్టుకుని మూలుగుతున్నాడు. ముసలావిడ లోపలికి వెళ్ళి టవల్సు తెచ్చింది. ఒకటి కొడుకు నుదుటికి నొక్కి, ఇంకోటి నా వైపు విసిరింది. పోలీసులు వచ్చేదాకా నలుగురం ఆ మంచులోనే ఉన్నాం.

ఆ పైన జరిగింది చెబుతాను. అతను ప్లాజా కేసులో నేరం ఒప్పుకుని కొన్ని నెలలు జైలుకి వెళ్ళాడు. అన్న కూడా ఒప్పుకున్నాడు. ముసలివాడు, అంతకుముందు ఏ కేసూ లేదు, ముఖం చూస్తేనే కథ తెలుస్తుంది అని జడ్జి ఆయనకి ఇంట్లోనే శిక్ష వేశాడు. పనికి, డాక్టరు దగ్గరికి తప్ప గడప దాటకూడదు. ప్లాంట్ వాళ్ళు ఆయన్ని మళ్ళీ తీసుకోలేదు. నన్ను మొదట అనుమానించి, తర్వాత సాక్షిని చేశారు. దాంతో కేసు తేలేదాకా అన్న నాతో మాట్లాడకూడదని ఆర్డర్ ఇచ్చారు. వంటావిడ మా ఇంటికి అప్పుడప్పుడు కోడికూర తెచ్చేది గాని, అన్న మాట ఎత్తేది కాదు.

రెండో ఆపరేషన్ అయ్యాక సర్జన్ నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. అలా కూర్చుందంటేనే అర్థమైంది. "కప్పు పట్టుకోగలరు. బొత్తాలు పెట్టుకోగలరు," అంది. గిటారు మాట నేనూ అడగలేదు, ఆవిడా ఎత్తలేదు.

తీర్పు వచ్చిన మర్నాడు ఫోన్ మోగింది.

"టంబుడూ."

"చెప్పన్నా."

"డాక్టరమ్మ ఏమందో నాకు తెలిసింది. వాడు విరిచింది అతుక్కునేది. నేను విరిచిందే అతుక్కోలేదు."

అది నిజం. కాదని అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు. ఆయన మీద కోపం లేదనీ అనలేను. ఆ రోజుల్లో అతని మీద కంటే అన్న మీదే నాకు ఎక్కువ కోపం వచ్చేది. బ్రెడ్ మీద వెన్న రాయలేని ప్రతి ఉదయం ఆయన్ని తెలుగులో తిట్టేవాణ్ణి. చివరికి, "తిన్నావా?" అని అడిగాను.

"లేదు."

"పులిహోర ఉంది. తెస్తున్నాను."

మా ఆవిడ డబ్బాలో సర్ది ఇచ్చింది. తనూ కారెక్కింది. అన్న కాలికి పోలీసులు కట్టిన ఎలక్ట్రానిక్ పట్టీ ఉంది, గడప దాటితే వాళ్ళకి తెలిసిపోతుంది. గుమ్మం లోపలే నిలబడి తలుపు తీశాడు. నా చెయ్యి చూశాడు, పట్టుకోలేదు. పులిహోర చప్పరిస్తూ నెమ్మదిగా తిన్నాడు, దవడ ఇప్పటికీ పూర్తిగా తెరుచుకోదు. తిన్నాక గరాజ్‌లోకి తీసుకెళ్ళి పదిపాటలూ వినిపించాడు. తీర్పుకి ముందు బెయిల్ మీద ఇంట్లోనే బందీగా ఉన్నన్నాళ్ళూ వాటి మీదే పనిచేశాడట. ఒక్క చెవితో.

"బార్బర్ పాట తీసేద్దామనుకుంటున్నా," అన్నాడు. "నువ్వు ఉంచమంటే ఉంచుతాను. నువ్వే చెప్పు."

నిద్రపోకు, నీ వీధి నాకు తెలుసు. మళ్ళీ విన్నాను. ఈసారి ఆకలెయ్యలేదు. మంచులో చెప్పులతో నిలబడ్డ ముసలావిడ గుర్తొచ్చింది.

"ఉంచు," అన్నాను. "అదీ మనమే కదా. తీసేస్తే వినేవాళ్ళు మనం మంచోళ్ళం అనుకుంటారు."

మా ఆవిడ నా వైపు చూసింది.

ఆల్బమ్ మే నెలలో నెట్‌లోకి వచ్చింది. కొన్ని సీడీలు కూడా చేశారు. కవర్ మీద పది పేర్లున్నాయి, కింద చిన్న అక్షరాల్లో బేస్ అని నా పేరు. పెద్దగా ఎవరూ వినలేదు. గ్వెల్ఫ్‌లో, కిచెనర్‌లో నాలుగు పెళ్ళిళ్ళలో వంటావిడ బస్ పాట వేశారని విన్నాను. బార్బర్ పాట గురించి ఒక రేడియో అతను అన్నకి ఫోన్ చేశాడట. అసలు కథ తెలిశాక మళ్ళీ చెయ్యలేదు.

పాపకి నేనే వినిపించాను, కార్లో, స్కూల్ నుంచి వస్తుంటే. ఏడాది నుంచి తను నా కార్లో ముందు సీట్లో కూర్చునేది కాదు. ఆ రోజు కూడా వెనకే కూర్చుంది.

"విచ్ వన్ ఈజ్ యూ?" అంది.

"కింద వినపడుతోందే, ఆ లో సౌండ్. అది."

వింది. ఒక పాట అయ్యి ఇంకోటి మొదలైంది. పాడే గొంతు మారింది. పాప "ఇట్స్ ద సేమ్ థింగ్," అంది.

"అవును. అదే."

"డిడ్ ఇట్ హర్ట్? వెన్ యూ ప్లేడ్?"

"లేదమ్మా. అప్పుడు చెయ్యి బాగానే ఉంది."

సిగ్నల్ దగ్గర ఆగాం. పాప సీట్ల మధ్యలోంచి చెయ్యి చాపి, నన్ను తాకకుండా, వాల్యూమ్ కొంచెం పెంచింది. వెనక ఏదో బండి హారన్ కొట్టింది. నా భుజాలు బిగుసుకుని, కుడిచెయ్యి తలుపు తాళం మీదికి వెళ్ళింది. లాక్ వేసే ఉంది. లైట్ పచ్చగా మారిందని ఆ హారన్. కారు కదిలించాను.